చెప్పనిది

పెట్టెలో పన్నెండు రోబోలు వచ్చాయి,
పదకొండే కదిలాయి.
అరచెయ్యంత బండ్లు, నుదుట ఒక ఎర్ర దీపం.
బయట నరిన్ నది గడ్డకట్టి ఉంది.
లోపల తొమ్మిదో తరగతి చేతులు
హీటరు మీంచి బల్లల మీదికి వచ్చాయి.

నేను ఫిజిక్సు టీచర్ని.
కోడింగు నాకు వాళ్ళకంటే ఒక్క పాఠం ముందు తెలుసు.
ఆ సంగతి వాళ్ళకీ తెలుసు.

"ముందుకెళ్ళు" అని రాశాడు ఎర్మెక్.
వెళ్ళింది,
బల్ల చివరిదాకా, ఆ తర్వాత కూడా.
"మా కుక్కయితే ఆగేది" అన్నాడు చక్రం ఏరుకుంటూ.
వేసవంతా కొండమీద మూడొందల గొర్రెల్ని
ఒక్క ఈలతో మళ్ళించే కుర్రాడు.

కుక్కకి నీ మనసు తెలుసురా,
దీనికి నీ మాటే తెలుసు
అందామనుకున్నా. అనలేదు.
కదలని పన్నెండోదాని చక్రం పీకి
దీనికి తగిలించాం.
నూర్జాదా అప్పటికే నేలమీద సుద్దముక్కతో
గొర్రెల దొడ్డి గీస్తోంది,
ఒకవైపు వాకిలి వదిలి.

పది అడుగులు. ఆగు.
గీత కనబడితే కుడికి తిరుగు.
లేకపోతే?
ఆ "లేకపోతే" దగ్గర అరగంట కూర్చున్నారు.
ఎవరో తిట్టారు, ఎవరో నవ్వారు,
గంట కొట్టినా బూట్ల చప్పుడు లేదు.

చివరికి బండి దొడ్డిలోకి దూరింది,
అరువు చక్రాన్ని వంకరగా ఈడ్చుకుంటూ.
ఎర్మెక్ అలవాటుగా ఈల వేశాడు.
అది తల తిప్పలేదు.

"దీనికి చెవి ఎలా పెట్టాలి టీచర్?"

ఆ పాఠం నేనింకా చదవలేదు.