లాంప్ క్యాబిన్

రాత్రి రెండున్నర. ఎంజీఎం పిల్లల వార్డు నుంచి
ఐసుగడ్డల మీద పండుకొని ఒక సిరంజి వచ్చింది.
ఇంకా పేరు పెట్టలేదు. చీటీ మీద ఇంతే:
ఈసం సుగుణ బిడ్డ, పదకొండు రోజులు, తాడ్వాయి.

యంత్రం ఒక చుక్క తాగింది,
గుర్రుమన్నది,
కాగితం నాలుక చాపింది.
సోడియం నూట ఇరవై రెండు.
రక్తం పులిసిపోయింది.

తొమ్మిది రోజులు అందరూ దాన్ని ఉచ్చే అనుకున్నరట.
అంత తేటగా, నీళ్ళలెక్క.
సుగుణ గుడ్డలు పిండి పిండి ఆరేస్తే
అంచుల మీద తెల్లగా గీతలు పడ్డయట.

పేగు గోడల ఒక ప్రోటీను
పుట్టుకతోనే పనిచేస్తలేదేమో అని
డాక్టరమ్మ కేస్ షీట్ మీద రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.
దాని పని ఏమంత పెద్దది కాదు.
ఒక సోడియంను లోపలికి తీసుకొని
ఒక పులుపు రేణువును బయటికి పంపుడు.
ఒకటికి ఒకటి.
ఉద్దెర లేదు, కొసరు లేదు.

ఈ బేరం నేను చిన్నప్పుడే చూసిన.
మా బాపు ఆరెల్లి ఓదెలు
మందమర్రి బాయి మీద ముప్పై ఒక్క ఏండ్లు
కిటికీ వెనుక నిలబడ్డడు.
ఇత్తడి బిళ్ళ లోపలికి, దీపం బయటికి.
బిళ్ళ లేకుంటే సొంత తమ్మునికి కూడా
దీపం ఇయ్యలేదు.

షిఫ్టు ఎక్కినంక బాపు దీపాలు లెక్కపెట్టడు.
కొక్కాలు చూస్తడు.
కొక్కానికి బిళ్ళ ఉన్నదంటే
ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు.
నూట నాలుగు ఒకసారి రెండు రాత్రులు వేలాడింది.
ఆ రెండు రాత్రులు మా ఇంట్ల పొయ్యి వెలిగింది గాని
బాపు రాలేదు.

ఈ పసిదాని పేగు పొడుగునా
కోట్ల కిటికీలు, అన్నీ బంద్.
ఉప్పు బయట క్యూ కట్టి కట్టి
గుడ్డల్లోకి జారిపోతున్నది.
పులుపు లోపల, దీపం లేని చీకట్ల.

సూది పెట్టి సోడా, ఉప్పు ఎక్కిస్తున్నరు,
దర్వాజ తెరవకుంటే గోడకు కన్నం కొట్టినట్టు.
నాలుగింటికి నూట ఇరవై నాలుగు.
ఆరింటికి నూట ఇరవై ఏడు.
దీన్ని బాగైందనరు. బాగలేదని కూడా అనరు.

డ్యూటీ దిగి, సంచి భుజానేసుకొని
బాపుకు ఫోన్ చేసిన.
ప్రోటీను అనలేదు. కిటికీ తెరుచుకుంటలేదన్న.
అటునుంచి చాలాసేపు దగ్గు,
బొగ్గు ఇంకా దిగని దగ్గు.
ఆ తర్వాత అడిగిండు:

బిళ్ళ కొక్కానికే ఉన్నదా?

ఉన్నది బాపూ.

మరి నువ్వు ఇంటికెందుకు పోతున్నవే?