రాయికి నెంబరు

సిరొంచలో ఎక్కేసరికే బస్సు రేకు కాలుతోంది.
పొద్దున ఎనిమిదే ఇంకా.
మా మేనత్త గట్టవ్వ కొంగు తడిపి నెత్తిన వేసుకుంది,
ఆలాపల్లి దాకా కూడా రాలేదు ఆ తడి.

ఆకంతా రాల్చేసిన టేకులు
చేతులు పైకెత్తి తోవ పొడుగునా నిలబడ్డాయి.
నాకా దగ్గర మేమూ దిగి నిలబడ్డాం.
సంచి విప్పమన్నాడు జవాను:
రెండు కొబ్బరికాయలు, పసుపు పొట్లం, మూతచెంబు.
మూత తీసి వాసన చూశాడు.
"ప్రాణహిత నీళ్లు బిడ్డా" అంది అత్త.
అతనికి తెలుగు రాదు, నీళ్లకు వాసన లేదు.
పొమ్మన్నాడు.

ఆష్టి వంతెన మీద డ్రైవరు బండి నెమ్మది చేశాడు.
కింద నది లేదు.
నది లేచిపోయిన పడక ఉంది,
ఇంకా వేడిగా.

"ఇది మన ప్రాణహితే అత్తా,
పెండ్లికి ముందు పేరు వైనగంగ."
నవ్వింది.
ఆమెకూ రెండు పేర్లు,
ఇంట్లో గట్టవ్వ, రేషన్ కార్డులో గిరిజాబాయి.
దేనికి పలికినా బియ్యం అవే.

చామోర్షీలో మాట్లాడుకున్న ఆటో
ఇసుక అంచున మొరాయించింది.
"గుడికి ఇట్లనే దగ్గర" అన్నాడు దౌలత్, ఆటో పిల్లగాడు.
దగ్గరే, కంటికి.
చెప్పు అడుగునుంచి కూడా అరికాలును పట్టుకుంటుంది ఆ ఇసుక.
నడుమ నడుమ ధీవర్ల పుచ్చపాదులు,
నాలుగు కట్టెల మీద గోనెపట్టా,
ఆ పట్టా అంత నీడ,
నీడ కొలతకు ముడుచుకుని నిద్రపోతున్న ఒక పిల్ల.
మా అత్త ఆగి, పిల్ల కాలు ఎండలోంచి లోపలికి జరిపింది.

గుడి ఉందన్న చోట
సగం గుడి ఉంది.
మిగతాది నేలమీద పరిచి ఉంది:
నాట్యం మధ్యలో తెగిన నడుములు,
ఏనుగు తొండం ఇక్కడ, తోక నాలుగు వరసల అవతల,
ప్రతి రాతి మీదా తెల్లరంగుతో ఒక అంకె.

ఎప్పుడో పిడుగు పడిందట.
విప్పి, మళ్లీ కడతారట.
ఎప్పుడు అంటే
వాచ్‌మన్ తువ్వాలు దులిపి ఇంకో భుజం మీద వేసుకున్నాడు.

"ఇదెంత?"
రెండు వందల ఆరు.
"ఇది?"
రెండు వందల ఏడు.
"ఇది?"
రెండు వందల పదకొండు.
ఆమె చెయ్యి ఆగింది.
"నడుమయి ఏవీ?"

నాకేం తెలుసు. నది వైపు చూశాను,
అడిగితే చెప్పేదానిలా.

చాలాసేపటికి, నాతో కాదు, రాయితో అంది:
"నా చేనుకు గూడ నెంబరుండె.
నూట నలబై మూడు.
కింద బ్యారేజీ కట్టిర్రు, నీళ్లొచ్చినయ్, చేను పోయింది.
నెంబరు కాయితంల అట్లనే ఉన్నది.
ఎందుకుంచిర్రో. మళ్ల పేర్చేటందుకా?"

ఇక్కడ నీళ్లు లేని నది,
అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేని చేను,
నది మాత్రం ఒక్కటే.
బడిలో లెక్కలు చెప్పే నాకు
ఈ లెక్క తేలలేదు.

గర్భగుడిలో చీకటి చల్లగా తగిలింది, గబ్బిలాల కంపుతో.
ఎక్కణ్ణుంచో మోసుకొచ్చిన చెంబు,
దేవుడికి సగమే వంచింది అత్త.
తక్కిన సగం బయటికి తెచ్చి
ఏడుకూ పదకొండుకూ మధ్య
ఉత్త నేలమీద పోసింది.
వాచ్‌మన్ మరాఠీలో ఏదో అరిచాడు.
ఈమె తెలుగులో ఏదో తిట్టింది.
నేల చప్పుడు చేసింది, పెనం మీద పడ్డట్టు.

తిరుగుదారిలో పుచ్చకాయ కొన్నాం.
ఆ పిల్ల లేచి కూర్చుంది, డబ్బులు అదే తీసుకుంది,
చిల్లర లేదని ఇంకో కాయ చేతిలో పెట్టింది.
బస్సు వచ్చేదాకా
గింజలు ఇసుకలోకి ఉమ్ముతూ లెక్కపెట్టింది అత్త.
ఇరవై దాటాక మర్చిపోయి
మళ్లీ ఒకటి నుంచి.