పేర్ల పట్టీ

నైరోబీలో ఏడో అంతస్తు.
ఆ గదిలో నా పేరు పీటర్.
అమ్మ పెట్టిన మకోఖా అనే పేరును
కింద గేటు దగ్గర పుస్తకంలో సంతకంగా వదిలి
పైకొచ్చేవాణ్ణి.
నా పేరును కంపెనీ భద్రంగా దాచేది.
అప్పు తీసుకున్నవాళ్ల పేర్లు మాత్రం
తెర మీద ఒంటిమీద గుడ్డలేకుండా నిలబడేవి.

ఆ మంగళవారం నా వంతుకొచ్చింది అపోండి.
కిసుములో ఎండుచేపలమ్మే మనిషి.
నాలుగు వేల షిల్లింగులు, పదకొండు రోజుల ఆలస్యం.

అబద్ధమెందుకు,
ఏ బ్యాంకూ గడప తొక్కనివ్వని మనిషికి
రాత్రి రెండింటికి, పడవలు ఒడ్డుకొచ్చే వేళకి,
చేతిలో డబ్బు పెట్టింది ఆ యాప్ ఒక్కటే.
పెట్టేముందు ఒక్క మాట అడిగింది:
నీ పరిచయాలు చూడొచ్చా?
తడి బొటనవేలితో సరేనంది.
ఆ సరే కింద ముప్ఫై ఏడు పేజీలున్నాయి.
రాసినవాడు కూడా
రెండోసారి చదివి ఉండడు.

రెండు వందల పన్నెండు పేర్లు.
ఎవరికీ చదివి వినిపించాలని రాసుకున్నవి కావు.
ఐసు వాడు.
పడవ ఒబియెరో.
పెద్ద ఒబియెరో, నమ్మొద్దు.
పాస్టరమ్మ.
క్లినిక్, గురువారం మాత్రమే.
ఎత్తకు.
ఎత్తకు, రెండోది.
అన్న, ఉన్నప్పటిది.

ఐదుగురికి చెయ్యాలి, అది లెక్క.
గొంతు మెత్తగా ఉండాలి, అది శిక్షణ.
"మీకు తెలిసినావిడ మా బాకీ మరిచిపోయింది,
కాస్త గుర్తు చేస్తారా?"
పాస్టరమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.
ఐసు వాడు నవ్వాడు.
మర్నాటి నుంచి ఆమెకు అరువు పుట్టి ఉండదు.
పడవ ఒబియెరో నన్ను తిట్టాడు,
మా భాష కాకపోయినా అర్థమైంది.
క్లినిక్‌లో నర్సు
"అలాంటి పేరు గలవాళ్లెవరూ ఇక్కడికి రారు" అని పెట్టేసింది.
అబద్ధమే.
ఆ రోజు నేను విన్న ఒకే ఒక మర్యాదైన మాట.

ఐదోది అన్న.
ఎత్తింది ఒక చిన్నపిల్లాడు.
ఆ నంబరు చేతులు మారి
ఎల్డొరెట్‌లో ఎవరింటికో చేరింది.
నేను నోరు తెరిచేలోపు వాడే అడిగాడు:
"ప్రతి ఆదివారం చేసి
ఏమీ మాట్లాడకుండా పెట్టేసేది మీరేనా?"

ఆ సాయంత్రం ఆఫీసులో కేకు కోశారు.
గోడమీద గీత పైకి వెళ్తోంది, ఆకుపచ్చగా.
మా మేనేజర్ దాన్ని వృద్ధి అన్నాడు.
నా ముక్క ప్లేటులోనే ఎండిపోయింది.
అయినా ఇంకో ఐదు నెలలు
పీటర్‌గానే ఉన్నాను.
ఇంటద్దె కట్టాలి కదా.

తరువాత ఫిర్యాదు వచ్చింది,
ప్రభుత్వ ముద్రతో.
అపోండి తన చేత్తో రాసిన ఐదు నంబర్లు.
చివరి దాని కింద రెండు గీతలు.
పిల్లాడే చెప్పి ఉంటాడు, ఏ ఆదివారమో
ఆమె మొదటిసారి నోరు తెరిచి మాట్లాడినప్పుడు.

జరిమానా పడింది.
యాప్ ఇప్పుడు పరిచయాలు అడగదు.
ఆకుపచ్చ గీత కాస్త వంగింది,
ఊపిరి తీసుకుని మళ్లీ లేచింది.
ఇంత చిన్న పనికా
ఇన్నాళ్లూ మునిగిపోతామని భయపడింది?

ఉద్యోగం మానేశాక కిసుము వెళ్లాను.
క్షమాపణ అడగడానికేనని చెప్పలేను.
చేపలు కొన్నాను.
ఏ ఊరని ఆమె అడగలేదు,
ఎవరి తాలూకని అడగలేదు.
రేకు డబ్బాతో నా ఎదుటే కొలిచి
పైన గుప్పెడు కొసరు వేసింది.
డబ్బు ఫోన్లోనే పంపాను.
ఆమె ఒడిలో చిన్నగా మోగింది.
తెరమీద వచ్చిన పేరు మెల్లగా, కూడబలుక్కుని చదివింది:
మకోఖా.
"అందింది" అంది.
ఫోన్‌ను బోర్లించి
తడిగుడ్డ కింద పెట్టేసి
వెనకనున్న మనిషిని, ఎంత కావాలి, అని అడిగింది.