జానెడు వైరు

బన్నేరుఘట్ట అడవికీ బెంగళూరుకీ నడుమ
ఒక కందకం, ఒక సోలార్ కంచె,
దినకూలీ మీద నేను.

రాత్రి పదకొండు.
అవతల పద్నాలుగో అంతస్తులో
ఎవరో ఇంకా బట్టలు ఆరేస్తున్నారు.
ఇవతల లాంటానా పొదల కింద
మోకాళ్ల మీద పాకుతూ నేల తడుముతున్నాను.
టార్చి వేస్తే ఉచ్చు దొరకదు,
వెలుగులో గడ్డిపోచలా నటిస్తుంది.
చల్లగా తగిలితే వేళ్లకే తెలియాలి.

ఈ నెల ఇరవై మూడు తీశాను.
అన్నీ క్లచ్ వైర్లే.
పదకొండేళ్లు జిగణిలో బండ్లు బాగుచేసినవాణ్ణి,
చివర గుండు తాకి చెప్పగలను
ఏది బుల్లెట్‌దో, ఏది మొపెడ్‌దో.

మార్చిలో ఒక దుప్పి దొరికింది.
దొరికింది అంటే, మేము ఆలస్యంగా చేరాం.
మెడ చుట్టూ నేల గుండ్రంగా దున్నినట్టుంది.
క్లచ్ వదిలితేనే బండి కదులుతుంది కదా,
ఇక్కడ వదలాల్సినవాడు
ఇంట్లో నిద్రపోయాడు.

పక్క ఉచ్చును ముట్టుకోకుండా వదిలేసి
నేనూ గుర్రప్పా నాలుగు రాత్రులు కాపు కాశాం.
బీడీ లేదు, దగ్గు లేదు,
గుర్రప్ప కడుపు మాత్రం ఒకటే గురగుర.
అయిదో తెల్లవారుజామున వచ్చాడు,
సెల్ లైటుకు ఎర్రగుడ్డ చుట్టుకుని.
కన్నడంలో గద్దిస్తే
తెలుగులో ఏడ్చాడు.

పేరు చౌడప్ప. పెయింటర్.
రోడ్డు మీద ఆ కొత్త లేఅవుటు గేటుకి
రెండు సిమెంటు దుప్పులుంటాయి చూడండి,
వాటికి చుక్కలు పెట్టింది తనేనట.
"ఒక్కోదానికి నూటాపది సామీ,
ఆ కూలి ఇంకా ఇయ్యలేదు" అన్నాడు.
మాంసం ఎవరు కొంటారని ఆఫీసరు అడిగితే
గేటు వైపు చూసి
తల దించుకున్నాడు.
ఆ చూపును ఎవరూ కాగితం మీదికి ఎక్కించలేదు.

పంతొమ్మిది రోజులకు బెయిలు.
ఇరవై అయిదో రోజు మళ్లీ మూడు ఉచ్చులు.
అతనివో, ఇంకొకడివో.
ఉచ్చుకు సంతకం ఉండదు.

ఆదివారం జిగణి పోయాను.
ఖలీల్ ఉస్తాద్ నా చేతులు చూసి నవ్వాడు,
గ్రీజు పోయి ముళ్లు వచ్చాయిరా అని.
షెడ్డు వెనక అదే పాత నూనె డబ్బా,
అందులో చుట్టలు చుట్టలుగా తెగిన వైర్లు.
"ఇవేం చేస్తారు?"
"ఎవరో కాకరపందిరికని పట్టుకుపోతారు. కట్ట పది రూపాయలు."

కాకరపందిరి.
నా చేత్తో నేనూ ఇచ్చాను,
టీ డబ్బులొచ్చాయని సంతోషపడి.
ఎన్ని కట్టలో గుర్తు లేదు.
ఆ రాత్రి నిద్రలో లెక్కపెడుతూనే ఉన్నాను,
అంకె నిలవలేదు.

కటింగ్ ప్లయర్ కొని ఉస్తాద్ చేతిలో పెట్టాను.
"పారేసే ముందు ముక్కలు చెయ్యి,
జానెడు జానెడు.
మెడకు చాలకుండా."
తర్వాత ప్రతి ఆదివారం ఒక రోడ్డు,
ఆనేకల్ దాకా పదిహేడు షాపులు.
ఒకడు నవ్వాడు. ఒకడు టీ ఇచ్చాడు.
ఒకడు, ముక్కకెంత ఇస్తావన్నాడు.
చందాపురంలో ఒక పిల్లమెకానిక్ మాత్రం
ఏమీ అడక్కుండా
అప్పుడే విప్పిన వైరును
నా ముందే నాలుగుగా కత్తిరించాడు.

నిన్న రాత్రి మళ్లీ చల్లగా తగిలింది.
తీసి చూస్తే,
జానెడు ముక్కలు అయిదు
కొసకు కొస మెలేసి ముడేసినవి.
ఎంత ఓపికగా కూర్చున్నాడో.
రెండు చేతులా పట్టి లాగాను,
మూడో ముడి దగ్గర
ఊడి వచ్చింది.

నా బలానికి ఊడింది.
మెడలో పడితే, భయంలో,
ఒక దుప్పి బలం ఎంతో నాకు తెలీదు.

పుస్తకంలో ఇరవై నాలుగు అని రాసి,
పక్కన చిన్నగా,
ముక్కలు అయిదు అని కూడా రాసుకున్నాను.