అద్దుడు కాగితం

ఒరూరో నుంచి తెల్లవారుజాము బస్సులో వచ్చాను
మాజీ అధ్యక్షుడి ఇల్లు చూడ్డానికి.
ముసలివాళ్లకి సగం టికెట్టట.
నా వయసు అడగకుండానే చింపిచ్చాడు కుర్రాడు.

ఆయన బూట్లు ఎంత చిన్నవో!
ఈ పాదాలకేనా
మా గనివాడంతా ఒదిగి దారిచ్చింది?

మంచం, ఆగిన గడియారం,
ముక్కు విరిగిన టీ కూజా.
(అది మాత్రం ఇస్తానంటే తెచ్చుకునేదాన్ని.)

బల్ల మీద, గాజు పలక కింద,
అద్దుడు కాగితం.
ఎన్ని సంతకాల తడి తాగిందో,
అన్నీ ఎడమ కుడై, కుడి ఎడమై,
ఒకదాని మీదొకటి పాకి
వానకి చెదిరిన చీమల బారు.

వీటిలో ఏదో ఒకటి మా గని మూసింది.
ఆ సాయంత్రం మా అమ్మ ఫెలిపా
నాన్న ఇనప టోపీలో మట్టి పోసి
ఉల్లినారు నాటింది. ఏమీ అనలేదు.

వంగి వెతికాను.
నా ఊపిరికి గాజు మసకేసింది.
"కాస్త దూరంగా, అమ్మమ్మా" అంటూ
కాపలా పిల్ల ఎర్లిందా
తన రుమాలుతోనే తుడిచింది.
"ఏం పోగొట్టుకున్నారు?"

ఇంట్లో తలుపు వెనక
అరచేతంత అద్దం ఉంది.
తెచ్చి ఎదురుగా పట్టి ఉంటే
తిన్నగా చదివేదాన్ని.

మళ్లీ వస్తాను.
సగం టికెట్టేగా.