వెనక సీటు

కందుకూరులో శనివారం తెల్లారుజామున
మూడు బండ్లు, నలుగురం.
మాల్యాద్రి బండికి పాలకేన్ల కొక్కేలు అట్టాగే ఉన్నాయి,
విప్పితే సోమవారం మళ్ళీ బిగించేదెవరని.
మస్తాన్ రెండు రాత్రులు కార్బొరేటర్ కడిగి
నిద్దర్లేని కళ్ళతో కిక్ కొట్టాడు.
నాలుగో కిక్కుకి కుక్కలతో సహా వీధంతా లేచింది.
పెంచలయ్యకి బండి లేదు.
ఎప్పట్లాగే నా వెనక ఎక్కి
"పోనీ బా" అన్నాడు.

ఉలవపాడు దాటకముందే ఎండ ముదిరింది.
రోడ్డు పక్క మామిడిపండ్ల బుట్టల దగ్గర ఆగి
ఒక్కో పండు నలిపి, తొడిమ కొరికి పిండుకుంటే
రసం మోచేతుల దాకా కారి
హ్యాండిళ్ళు జిగురయ్యాయి.
చీమకుర్తి రాళ్ళు మోసుకుపోయే లారీల పక్కన
మా బండ్లు జోరీగల్లా మూలుగుతుంటే,
లారీ ఒరుసుకున్నప్పుడల్లా
పెంచలయ్య అరచెయ్యి నా భుజం మీద
ఒక్క క్షణం బరువెక్కేది.
కావలి దగ్గర మస్తాన్ బండి ప్లగ్గు నల్లబడింది.
గరుకు కాగితం లేక అగ్గిపెట్టె అంచుకి రుద్దాడు.
అది మళ్ళీ పలికేసరికి
ఎవరో పోయి బతికినట్టు చప్పట్లు కొట్టాం.
కోవూరు దాటాక పెన్న వంతెన మీద
నీళ్ళకన్నా ఇసకే ఎక్కువ.
గాలి మాత్రం నిండు ఏరంత.

మైపాడు ఒడ్డున గుడారాలు, జెండాలు,
మా ఊళ్ళో అరెకరం పలికే బండ్లు.
తోలు కోట్లలో ఉడుకుతున్న కుర్రాళ్ళు
మా పొగకి దగ్గి, నవ్వి, మా పక్కన ఫొటోలు దిగారు.
పేర్లు రాసే పిల్లాడు తలెత్తకుండా
"ఏ క్లబ్బు?" అన్నాడు.
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
"కొక్కేల క్లబ్బు" అన్నాడు మాల్యాద్రి.
రాసుకున్నాడు. ఒత్తు ఎక్కడని కూడా అడిగాడు.

ర్యాలీ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు.
ఒక పెద్ద బండి ఇసకలో కూరుకుపోతే
టైర్లలో సగం గాలి తీయించి
గట్టెక్కించింది మాల్యాద్రే.
ఆ అబ్బాయి డబ్బులివ్వబోతే
"పాలు కావాలంటే చెప్పు" అన్నాడు.

సాయంత్రం కానాగంతల వేపుడు తిని
అలల పక్కన కూలబడ్డాం.
ఎవరూ అడక్కుండానే పెంచలయ్య అన్నాడు:
"మీ మొహాలకన్నా మీ వీపులే నాకు బాగా తెలుసు మే.
మస్తాన్‌కి కుడి భుజం కిందికి వాలుద్ది.
మాల్యాద్రికి మెడ మీద కాలిన మచ్చ.
నువ్వు, భయమేస్తే ఊపిరి బిగబడతావ్,
చొక్కా కదలదు."
కాసేపాగి,
"నాకు తోలడం రాదు."

ఇరవై రెండేళ్ళు.
పెళ్ళిళ్ళకి, ఆస్పత్రులకి, ఒకసారి పోలీస్‌స్టేషనుకి
మా ముగ్గురి వెనకా ఎక్కినవాడు.
డబ్బు లేక కొనలేదనుకున్నాం.

తడి ఇసక మీద నా బండి నిలబెట్టాం.
క్లచ్చు వదలడం నేను చెప్పాను,
గేర్లు మస్తాన్,
పడటం ఎట్టాగో మాల్యాద్రి.
రెండుసార్లు పడ్డాడు. ఆ తర్వాత లెక్కపెట్టలా.
ఉన్నట్టుండి కదిలింది బండి.
నడుం నిటారుగా, మోకాళ్ళు పక్కలకి విరజాపి
నురగని కోసుకుంటా
ఉత్తరంగా పోయాడు.

ఇక్కడ పొద్దు మన వెనకాల కుంకుద్ది,
చీకటి ముందు సముద్రానికే వస్తుంది.
ఎర్రదీపం చుక్కంత అయింది.
మస్తాన్ మెల్లగా అడిగాడు:
"బ్రేకు సంగతి ఎవరు చెప్పారు?"

ఎవరమూ చెప్పలా.
ముగ్గురం నిలబడి
మొదటిసారి
వాడి వీపు చూస్తా ఉన్నాం.