అరువు నిద్ర

ముహు దీవి నుంచి వచ్చారు వాళ్ళు.
తెల్లవారకముందే మొదటి ఫెర్రీ,
ఆపైన తార్తు దాకా రోడ్డు.
మార్చి వచ్చినా సముద్రం మీద ఇంకా మంచు పలకలు.

తల్లి ఐటా చేతిలో అట్ట ఊడిన నోటుపుస్తకం.
ఆరేళ్ళ తన్నెల్ ఒంటికి అది పంచాంగం.
"ఎడమ వైపు. ఫెర్రీ మీద. చలిగాలి.
కుడి వైపు. పుట్టినరోజు. కొవ్వొత్తుల వెలుగు.
రెండు వైపులా. కారణం తెలియలేదు."
ప్రతి పేజీ చివరా అవే మూడు మాటలు:
నిద్రపోయాడు. లేచాడు. నడిచాడు.

సగం ఒళ్ళు చచ్చుబడిన పిల్లాణ్ణి
నిద్ర ఎటో ఎత్తుకుపోయి
రెండు చేతులూ సరిచేసి పంపుతుంది.
ఎందుకో నేను చదివిన చదువు చెప్పలేదు.
ఇలాంటి బిడ్డను నేను చూడ్డం ఇదే మొదలు.

ముప్పై ఏళ్ళుగా నిద్రపుచ్చడమే నా ఉద్యోగం.
నిజానికి నేనిచ్చేది నిద్ర కాదు,
దాని వేషం.
ఊపిరిని నా చేతిలోకి తీసుకుంటాను,
పనయ్యాక అప్పజెప్పేస్తాను
చిల్లరతో సహా.

"నాలుగు పళ్ళే కదా" అన్నాడు కారెల్
చేతులు కడుక్కుంటూ.
పళ్ళు నాలుగే.

ముందు గదిని నిద్రపుచ్చాం.
పెద్ద దీపం మొహం గోడకు తిప్పాం.
సెలైన్ సంచిని వెచ్చబెట్టిన యంత్రాన్ని నమ్మక
నర్సు వైకే చెంపకు ఆనించుకుని చూసింది.
మానిటర్ గొంతు నాకొక్కదానికే వినబడేంత.
పొద్దుటి మందు వేశారా అని మూడుసార్లు అడిగాను.
మూడోసారి ఐటా అడిగింది,
"మీకూ భయమేనా?"
అవునన్నాను.
ఆమె భుజాలు అప్పుడు దిగాయి.

ఎడమ చేతికి నారింజరంగు ఉన్ని తొడుగు,
అమ్మమ్మ అల్లింది. తియ్యనంటే తియ్యనన్నాడు.
ఆక్సిజన్ క్లిప్పు కాలి బొటనవేలికి పెట్టాను.
చేతికే పెట్టాలని ఎవరూ రాసిపెట్టలేదుగా.

మాస్కు దగ్గరికి తెస్తే అడిగాడు,
"ఇది నా నిద్రేనా?"
"కాదు, నాది. కాసేపు వాడుకో."

నలభై నిమిషాలు.
కుర్చీ ఉంది గాని కూర్చోలేదు నేను.

కళ్ళు తెరిచాడు.
కుడి చెయ్యి కదిలింది.
నారింజరంగు కదల్లేదు.
నా కడుపులో ఏదో జారింది.
ఏ మందు, ఎంత, ఎప్పుడు,
ఎక్కడ తప్పానని వెనక్కి వెనక్కి తవ్వుకుంటున్నాను.

ఐటా గడియారం చూసి రాసుకుంది:
ఎడమ వైపు. పదీ ఇరవై.
తర్వాత నా వంక తిరిగి, మెల్లగా,
"మీ నిద్ర వాడికి లెక్కలోకి రాదు డాక్టరుగారూ.
ఇప్పుడు వాడి నిద్ర వాణ్ణి పోనివ్వండి."

తెర లాగాం.
నా చేతిలో సిరంజి లేదు, పని లేదు.
దుప్పటి లేస్తూ దిగుతూ ఉంటే
ఎవరి ఇంట్లోనో అతిథిలా కూర్చున్నాను.

గంటకేమో, ఇంకాస్త ముందేనేమో,
తొడుగు లేచి
ముక్కు గోక్కుంది.

"త్వరగా" అంది ఐటా, "పది నిమిషాలు, మహా అయితే ఇరవై.
మళ్ళీ వాలిపోవచ్చు."
గోరువెచ్చని బ్లూబెర్రీ రసం,
చెంచా ఎడమ చేతిలోనే,
సగం నోట్లోకి, సగం దుప్పటి మీదికి.
"నా పళ్ళేవీ?"
వైకే చిన్న డబ్బా గలగలలాడించింది.

పుస్తకం తెరిచి ఐటా పెన్ను నాకిచ్చింది.
నిద్రపోయాడు, అని రాశాను.
లేచాడు.
మూడో మాట దగ్గర ఆగి చూశాను.
మంచం అంచు దాటి ఎడమ కాలు
నేల కోసం వెతుకుతోంది.